పెళుసు ఎముకల బిడ్డకు మత్తు ఇచ్చే ముందు



ఎముకలు పెళుసుగా ఉన్న బిడ్డకు ఆపరేషను చేయాలని డాక్టరు చెప్పినప్పుడు తలిదండ్రులు కోతకన్న మత్తుకే ఎక్కువ భయపడతారు. “కాలు బాగుచేస్తామంటే సరే అయ్యగారూ, మత్తు ఇచ్చిన తరువాత బిడ్డ మళ్లీ లేస్తుందా?” అని మమ్మును అడిగారు. ఏ మత్తు మంచిది, నడుముకు ఇచ్చే సూదా, పూర్తిగా నిద్రపుచ్చేదా, ఎవరినైనా కనుక్కొని చెప్పండి అని కూడ అడిగారు. మేము వైద్యులము కాము. అయినను ఇట్టి బిడ్డ ఉన్న ఒక కుటుంబముతో ఆసుపత్రికి వెళ్లి, మత్తు డాక్టర్ల దగ్గర కూర్చుని, అడిగినదే మళ్లీ అడిగి తెలుసుకొన్న సంగతులు మన కుటుంబములకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

ఈ జబ్బును వైద్యులు ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. సుమారు 15 నుండి 20 వేల మంది పిల్లలు పుడితే వారిలో ఒకరికి ఉంటుంది. ఎముక అంటే సున్నము మాత్రమే కాదు. ఆ సున్నమును పట్టి ఉంచే కొలాజెన్ అనే నార కూడ అందులో ఉన్నది. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు గదా. గడ్డి కలపని గోడ ఎండిన తరువాత ఎలా బీటలు వారుతుందో, నార సరిగా లేని ఎముక అలా విరుగుతుంది. ఈ నార కళ్లలో, పళ్లలో, చర్మములో, రక్తనాళములలో, గుండె కవాటములలో కూడ ఉంటుంది. అందుచేతనే ఈ బిడ్డలలో చాలామందికి కంటి తెల్లగుడ్డు నీలిఛాయగా కనబడుతుంది. కొందరికి పళ్లు రంగుమారి పెచ్చులూడతాయి, వెన్ను వంకర తిరుగుతుంది, పెద్దయ్యేకొద్దీ వినికిడి తగ్గుతుంది.

1979లో ఆస్ట్రేలియాలో సిలెన్స్ అనే వైద్యుడు, ఆయన తోటివారు దీనిని నాలుగు రకములుగా విభజించారు. తరువాత ఇంకా రకములు చేరాయి. కొందరికి బాల్యములో నాలుగైదుసార్లు ఎముక విరిగి, ఎదిగిన తరువాత తగ్గుముఖము పడుతుంది. కొందరు తల్లి గర్భములోనే ఎముకలు విరిగి పుడతారు. గనుక పక్క ఊరి పిల్లవానికి సరిపోయిన మత్తు మన బిడ్డకు సరిపోతుందని ఎవరూ చెప్పలేరు.

ఎక్కువ రకములలో తలిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకు వచ్చే అవకాశము సగము. ఇద్దరికీ లేకపోయినా బిడ్డకు కొత్తగా రావచ్చును. అరుదైన కొన్ని రకములు మేనరికపు పెళ్లిళ్లు చేసుకొనే కుటుంబములలో ఎక్కువగా కనబడతాయి. ఇంతకుమించి ఎవరి పాపమును ఇందులో వెదకవలసిన పని లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమి జవాబిచ్చాడో మనవారందరికీ తెలుసు. తెలిసియుండియు అదే ప్రశ్న ఆరాధన అయిన తరువాత చెట్టుకింద నిలబడి అడుగుతూనే ఉన్నారు. ఈ మాటలకు జడిసి తలిదండ్రులు జబ్బును దాస్తారు. ఆ దాపరికము ఆపరేషను బల్ల దగ్గర ఏమి చేస్తుందో ముందు వ్రాస్తాము.

ఈ బిడ్డలకు ఎక్కువగా చేసే ఆపరేషను తొడ ఎముకకు, మోకాలి కింది ఎముకకు. వంగిపోయిన ఎముకను రెండు మూడు చోట్ల కోసి, తిన్నగా పేర్చి, మధ్యలో రాడ్డు వేస్తారు. 1959లో అమెరికాలో సోఫీల్డ్, మిల్లర్ అను వైద్యులు ఈ పద్ధతిని వివరించి వ్రాశారు. ఇప్పుడు బిడ్డ ఎదిగేకొద్దీ తాను కూడ పొడవు సాగే రాడ్లు వచ్చాయి. ఏ రాడ్డయినా, ఎదిగే బిడ్డకు ఒక్క ఆపరేషనుతో అయిపోతుందని అనుకోకూడదు. మత్తు మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఈ జబ్బుకు ఇదిగో ఇదే క్షేమమైన మత్తు అని ఒక మందు పేరు చెప్పగల డాక్టరు లేడు. మేము పేరు అడిగినప్పుడెల్లా వారు మెడ గురించి, పళ్ల గురించి, బిడ్డను ఎత్తే చేతుల గురించి మాట్లాడారు. మొదట మాకది మాట తప్పించినట్లు కనబడింది. వినగా వినగా అర్థమైనదేమంటే, ఈ బిడ్డలకు మందుకంటె మందు ఇచ్చేటప్పుడు జరిగే పనులలో అపాయము ఎక్కువగా ఉన్నది.

పూర్తిగా నిద్రపుచ్చినప్పుడు శ్వాస కొరకు గొంతులోకి గొట్టము వేస్తారు. మామూలు రోగికైతే తల వెనుకకు వంచి, దవడ ఎత్తి వేస్తారు. పెళుసు ఎముకల బిడ్డకు అలా చేస్తే మెడ ఎముకకు, దవడకు దెబ్బ తగలవచ్చు, పన్ను విరిగి గొంతులో పడవచ్చు. జబ్బు తీవ్రముగా ఉన్న కొందరికి పుర్రె అడుగుభాగము మెత్తబడి, వెన్నెముక పైకొన లోపలికి నొక్కుకొని ఉంటుంది. అట్టివారికి మెడ కదిలించడమే ప్రమాదము. కాబట్టి తెలిసిన డాక్టరు మెడకు ముందుగా ఎక్స్‌రే గాని స్కానింగు గాని తీయిస్తాడు. చిన్న కెమెరా ఉన్న పరికరముతో చూస్తూ, తల వంచకుండ గొట్టము వేస్తాడు. లేదా గొంతు పైభాగములోనే మెత్తగా కూర్చునే మాస్కు వాడతాడు. ముఖము మీద మాస్కును కూడ గట్టిగా అదమడు.

గొట్టము వేసేముందు కండరములను వదులు చేసే మందు ఒకటి ఇస్తారు. వాటిలో సక్సినైల్‌కోలిన్ అనేది, మన ఆసుపత్రులలో స్కోలిన్ అంటారు, చాలా త్వరగా పనిచేస్తుంది. అయితే అది పనిచేసే ముందు ఒళ్లంతా కండరములు గిలగిల అదురుతాయి. ఆ అదురుకే ఈ బిడ్డల ఎముక విరగవచ్చునని దానిని సాధ్యమైనంతవరకు వాడరు. అదురు లేని రోక్యూరోనియం, అట్రాక్యూరియం వంటి మందులు ఉన్నవి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, మన పల్లెల్లో ఇది చాలా ముఖ్యము. ఆపరేషనుకు ముందు అన్నము, పాలు, బిస్కట్లు 6 గంటలు పెట్టకూడదు. తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటలు. డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించాలి. బిడ్డ ఏడుస్తున్నదని అమ్మమ్మ కొంగుచాటున ఒక బన్ను పెడుతుంది, ఎవరికీ చెప్పదు. కడుపు నిండి ఉంటే మత్తులో తిన్నది పైకివచ్చి ఊపిరితిత్తులలోకి పోతుంది. అది ప్రాణాంతకము. కడుపు నిండి ఉన్నదని తెలిసి, ఆపరేషను ఆపలేని పరిస్థితి అయితే, గొట్టము గబగబ వేయాలి. గబగబ అనేసరికి స్కోలిన్ జ్ఞాపకమునకు వస్తుంది, చేతులలో తొందర వస్తుంది. ఈ బిడ్డకు పనికిరానివి ఆ రెండే. బన్ను పెట్టిన అమ్మమ్మ ఆ మాట చెబితే ఎవరూ తిట్టరు. ఆపరేషను మరునాటికి వాయిదా పడుతుంది, అంతే.

బీపీ చూసే పట్టీ కూడ ఈ బిడ్డకు చిన్న సంగతి కాదు. అది గాలి నిండి బిగిసినప్పుడు భుజము కింది ఎముక విరిగిన సందర్భములున్నవి. గనుక మెత్త వేసి, తక్కువసార్లు బిగించేటట్లు పెడతారు. జబ్బు తీవ్రమైతే పట్టీ మానివేసి, నాడిలో సన్నని గొట్టము పెట్టి బీపీ చూస్తారు. స్ట్రెచరు మీదనుండి బల్ల మీదికి ఎత్తేటప్పుడు చంకలలో చేతులు వేసి లాగకూడదు, ఒక కాలు పట్టుకొని జరపకూడదు. ఈ విషయములో డాక్టరుకంటె తల్లికే ఎక్కువ తెలుసు. తొమ్మిదేండ్లుగా స్నానము చేయించిన తల్లికి ఏ చెయ్యి ఎంతవరకు లేస్తుందో తెలియదా? బిడ్డ మెలకువగా ఉన్నప్పుడే తనకు నొప్పి లేకుండ ఎలా పడుకోగలదో అలా పడుకోనిచ్చి, ఆ తరువాత నిద్రపుచ్చే డాక్టర్లున్నారు. తల్లిని బల్ల వరకు రానివ్వమని మనము అడగవచ్చు. నోరు తెరిచి అడగాలి.

నడుముకు ఇచ్చే సూది సంగతి. నిద్ర అక్కరలేదు, మెడ జోలికి పోనక్కరలేదు గనుక ఇదే క్షేమమని కొందరు పట్టుబడతారు. వెన్ను తిన్నగా ఉన్న పెద్దవారికి కాలి ఆపరేషనుకు, తల్లులకు కాన్పు ఆపరేషనుకు అది మంచిదే కావచ్చు. వెన్ను మెలితిరిగి ఉంటే సూది దారి దొరకదు, మందు ఎంత పైకి ఎక్కుతుందో అంచనా అందదు. పైగా ఈ జబ్బులో కొందరికి రక్తము గడ్డకట్టే గుణము తక్కువగా ఉంటుంది. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలే బిడ్డలు వీరు. వెన్నులో సూది గుచ్చేముందు రక్తపరీక్ష చూసుకోవాలి. చిన్నపిల్లలు సూదికి కదలకుండ కూర్చోరు గనుక, వారిని నిద్రపుచ్చి, ఆ తరువాత స్కానింగు యంత్రముతో చూస్తూ కాలికి వెళ్లే నరము దగ్గర మందు వేస్తారు. దానితో నిద్రమందు తక్కువ సరిపోతుంది, లేచిన తరువాత నొప్పి తక్కువ, విదిలించుకోవడము తక్కువ. మా కంటికి ఇది మంచి పద్ధతిగా కనబడింది. అయితే ఎంచుకోవలసినది బిడ్డను చూసిన డాక్టరు.

వెన్ను వంకర ఊపిరితిత్తులను నొక్కుతుంది గనుక ఊపిరి పరీక్ష, కవాటములు చూచుటకు గుండె ఎకో పరీక్ష చేయమంటారు. డబ్బుకు ఆశపడి చేయిస్తున్నారని అనుకోకండి. సరిపడిన రక్తము సిద్ధము చేయమంటారు. అప్పుడు మన యౌవనస్థుల సహవాసము ఉపయోగపడాలి. ఎముకల బలము కొరకు పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ వంటి మందు ఎక్కించుకొంటున్న బిడ్డ అయితే, ఆఖరుసారి ఎప్పుడు ఎక్కించారో చెప్పాలి.

ఇప్పుడు దాపరికము సంగతి. ఈ జబ్బు ఉన్నవారికి ఒంటివేడి, చెమట ఎక్కువ. మత్తులో ఉన్నప్పుడు కొందరికి జ్వరము పెరుగుతుంది. చెమటను ఆపే ఎట్రోపిన్ వంటి మందు ఇస్తే ఇంకా పెరగవచ్చు. దుప్పటి తీసి, చల్లబరిస్తే తగ్గుతుంది. దీనితో పోలిన మరొక జ్వరమున్నది, అది భయంకరమైనది. మెలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. పీల్చే మత్తుమందులకు, స్కోలిన్‌కు అది పుడుతుంది, కండరములు కొయ్యబారతాయి, ఒళ్లు కాలిపోతుంది, వెంటనే గుర్తించకపోతే ప్రాణము పోతుంది. ఇది కూడ వంశములో వచ్చేదే, కాని వేరే జబ్బు. పెళుసు ఎముకలవారికి ఇది ప్రత్యేకముగా వస్తుందని రుజువు కాలేదు. సెవోఫ్లూరేన్ అనే పీల్చే మందును ఈ బిడ్డలలో అనేకులకు ఇబ్బంది లేకుండ ఇచ్చారు. అయినను రెండు జ్వరములు మొదట్లో ఒకేలా కనబడతాయి గనుక, జాగ్రత్తకొరకు చాలామంది డాక్టర్లు పీల్చే మందులు వదలి, రక్తనాళములో ప్రొపోఫాల్ ఎక్కిస్తూ నిద్రపుచ్చుతారు.

ఈ రెండవ జ్వరము లోకమునకు తెలిసిన విధము వినదగినది. 1960లో మెల్బోర్న్ నగరములో డెన్‌బరో, లోవెల్ అను వైద్యులు లాన్సెట్ పత్రికకు ఒక యౌవనస్థుని గూర్చి వ్రాశారు. 21 సంవత్సరముల విద్యార్థి, కాలు విరిగి వచ్చాడు. విరిగిన కాలుకంటె మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. ఎందుకనగా అతని బంధువులలో 10 మంది ఈథరు మత్తు ఇచ్చినప్పుడు చనిపోయారు. ఆ సంగతి చెప్పాడు గనుక వైద్యులు ఈథరు మాని కొత్త మందు హాలోథేన్ ఇచ్చారు. దానికి కూడ ఒళ్లు కాలిపోవడము మొదలైంది. వారు ముందే కనిపెట్టుకొని ఉన్నారు గనుక వెంటనే ఆపి, చల్లబరచి బ్రతికించారు.

మేము వెంట వెళ్లిన కుటుంబములో ఇదే జరిగింది. బిడ్డకు 9 సంవత్సరములు. కుడి తొడ ఎముక వంగి నడక పోయింది. ఆపరేషనుకు ముందురోజు సాయంకాలము ఆసుపత్రి వరండాలో నాయనమ్మ మా పక్కన కూర్చుని, చిన్నకొడుకు సంగతి ఎత్తింది. పద్దెనిమిదేండ్లప్పుడు కడుపునొప్పికి ఆపరేషను చేస్తే, మత్తులో ఒళ్లు పెనములా కాలి, లేవనేలేదట. ఆ ఊసు ఎక్కడా ఎత్తకూడదని ఇంట్లో కట్టడి. పెద్దపిల్లకు సంబంధము మాట్లాడుతున్నారు, వంశములో రెండు రోగములున్నవని తెలిస్తే ఎవరు చేసుకొంటారు? తండ్రితో మేము మాట్లాడితే, “ఏదో జ్వరమొచ్చి పోయాడు అయ్యగారూ, దీనికీ దానికీ ఏం సంబంధం?” అన్నాడు. రాత్రి పదింటివరకు మాట్లాడాము. ఆఖరుకు తల్లి లేచి, “నేను చెప్తా” అని నర్సు దగ్గరకు వెళ్లింది.

మత్తు డాక్టరు ఆపరేషనును మూడు రోజులు ఆపాడు. పాత మందు ఆవిరి లేకుండ యంత్రమును శుద్ధిచేయించి, రక్తనాళములో ఎక్కించే మందుతోనే నిద్రపుచ్చాలని నిర్ణయించాడు. ఆ జ్వరమునకు విరుగుడు డాంట్రోలీన్ ఒక్కటే. అది మన దేశములో ప్రతి ఆసుపత్రిలో ఉండదు. దానిని వేరే పట్టణమునుండి తెప్పించి పక్కన పెట్టుకొన్నారు. ఆపరేషను మధ్యలో బిడ్డకు ఒళ్లు వెచ్చబడింది. దుప్పటి తీసి చల్లని సెలైను ఎక్కిస్తే దిగింది. అది పెళుసు ఎముకల జ్వరమే, రెండవది కాదు. రాడ్డు చక్కగా కుదిరింది. మత్తు డాక్టరు తండ్రిని పిలిచి, ఆయనకు గాని, పెద్దపిల్లకు గాని ఎప్పుడు మత్తు అవసరమైనా ఈ సంగతి చెప్పి తీరాలని గట్టిగా చెప్పాడు.

ఆసుపత్రిలో చెప్పిన మాట ఊరికి చేరింది. పెద్దపిల్ల సంబంధము తప్పిపోయింది. ఇది వ్రాయకుండ మానితే మీకు సగమే చెప్పినట్లవుతుంది. ఆ ఇంటివారు ఇప్పటికీ మాతో ఆ విషయము మాట్లాడరు. బిడ్డ మాత్రము వాకరు పట్టుకొని ఆదివారపు బడికి వస్తున్నది.

విశ్వాసము ఉన్నవారికి మత్తు ఎందుకని అడిగే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. 1847లో స్కాట్లండులో సింప్సన్ అనే వైద్యుడు కాన్పు నొప్పులకు క్లోరోఫామ్ వాడినప్పుడు కూడ ఈ మాట వచ్చింది. ఆయన ఆదికాండము 2వ అధ్యాయములో దేవుడు ఆదామునకు గాఢనిద్ర కలుగజేసిన సంగతి చూపి పుస్తకము వ్రాసి జవాబు చెప్పాడు. మత్తులో ప్రాణము ఎందుకు పోతుందో కనుగొనుటకు 1888లోను 1889లోను మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వము క్లోరోఫామ్ కమిషన్లు నడిపించింది. వారి తీర్మానములన్నీ తరువాత నిలువలేదు గాని, మత్తు ఇచ్చేవాడు రోగి శ్వాసమీదనుండి కన్ను తీయకూడదని వారు చెప్పినది నేటికీ థియేటరులో పాటిస్తున్నారు. ప్రార్థన చేయండి, ఉపవాసముండి చేయండి. మత్తు డాక్టరును కలవడము కూడ మానవద్దు.

కలవవలసినది ఆపరేషను నాటి ఉదయము కాదు, కనీసము కొన్ని రోజులు ముందు. ఆపరేషను చేసే డాక్టరును మాత్రమే కలిసి, మత్తు డాక్టరు ముఖము థియేటరు గుమ్మములో మొదటిసారి చూడడము మనవారికి అలవాటు. ఈ జబ్బు ఉన్నవారికి అది చాలదు. ఇట్టి బిడ్డలకు ఇంతకుముందు మత్తు ఇచ్చారా, మెడ కదల్చకుండ గొట్టము వేసే కెమెరా ఉన్నదా, తరువాత ఐ.సి.యు.లో ఉంచే వసతి ఉన్నదా అని మర్యాదగానే అడగండి. లేదంటే ఉన్నచోటికి పంపమని అడగండి. తెలుగువారు తరతరాలుగా వెళ్లే వేలూరు సి.ఎం.సి. వంటి పెద్ద ఆసుపత్రికి ఖర్చు, ప్రయాణము ఎక్కువే, రైలులో బిడ్డను ఎత్తి దించడమే ఒక పని. అత్యవసరము కాని ఆపరేషను అయితే ఆ శ్రమ పడవచ్చు. బిడ్డకు చెవులు సరిగా వినబడకపోతే ఆ సంగతి ముందే చెప్పి, చెవి మెషీను నిద్రపట్టేవరకు ఉంచమనండి. మాట వినబడక బెదిరి విదిలించుకొంటే ఎముక విరుగుతుంది.

ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితముతో పాటు మత్తు డాక్టరు చేత ఇంకొక కాగితము వ్రాయించుకోండి. ఏ మందులు ఇచ్చారు, గొట్టము సులువుగా పడిందా కష్టమైందా, జ్వరము వచ్చిందా, రక్తము ఎంత పోయింది, బీపీ ఎక్కడ చూశారు, ఇవి అందులో ఉండాలి. రెండు జెరాక్సులు తీయించి ఒకటి బిడ్డ స్కూలు సంచిలో పెట్టండి. రెండవది మా దగ్గర ఇచ్చినా పాస్టరేటు బీరువాలో భద్రముగా ఉంచుతాము. అర్ధరాత్రి బిడ్డ జారిపడి ఆటోలో తీసుకొనిపోయేటప్పుడు పెట్టె తాళముచెవి వెదుక్కోనక్కరలేదు.